ఎర్రిస్వామి మేస్త్రి గీసిన ఎర్ర గీత

నిన్న పొద్దున కురుగోడు దాటాక పెట్రోలు బంకులో కారు ఆపుకుని నిలబడి ఉంటే, పక్కన ఒక లారీ వచ్చి ఆగింది. ఎక్కడో కొండెక్కి దిగి వచ్చినట్టుంది, బానెట్టు కింద నుంచి సెగ కొడుతోంది. ఆ సెగతో పాటే కాగిన ఇనుము మీద ఎర్రదుమ్ము మాడే వాసన. బళ్ళారి జిల్లాలో ఖనిజం తోలినవాళ్ళకి తప్ప ఈ వాసన సంగతి చెప్పినా అర్థం కాదు. పొయ్యి మీద ఖాళీ పెనం పెట్టి మరిచిపోతే వచ్చే వాసనకి కొంచెం దగ్గరగా ఉంటుంది. డ్రైవరు వెంటనే ఇంజను ఆపలేదు. రెండు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి, ఎదురుగా ఉన్న మీటర్ల వైపు ఒకసారి చూసుకుని, అప్పుడు తాళం తిప్పాడు. డీజిలు పట్టే మనిషి విసుక్కున్నాడు. నాకు మాత్రం వెళ్ళి ఆ డ్రైవర్ని కౌగలించుకోవాలనిపించింది. ఈ వయసులో బంకుల దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళని కౌగలించుకుంటే జనం మరోలా అనుకుంటారని ఊరుకున్నాను. కానీ ఇంటికొచ్చేదాకా ఎర్రిస్వామి మేస్త్రే కళ్ళ ముందున్నాడు.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునే ఆకారం కాదు. పొట్టి మనిషి, ఖాకీ ప్యాంటు, ఎన్నిసార్లు ఉతికినా డీజిలు వాసన పోని చేతుల బనియను. బళ్ళారి లారీ అడ్డాలో చివరి రేకుల షెడ్డు ఆయనది. దాన్ని పంపు రూము అనేవాళ్ళం. లారీ ఇంజనులో ఒక్కో సిలిండరుకి ఎంత డీజిలు వెళ్ళాలో కొలిచి పంపేది పంపు. దాన్ని విప్పి, కడిగి, మిషను మీద పెట్టి కొలత సరిచేయడం ఆయన పని. ఆ పంపుకి ఒక మూల చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని పావు చుట్టు తిప్పితే డీజిలు ఎక్కువ పడుతుంది, బండికి బలం వస్తుంది. అడ్డాలో ప్రతివాడి కన్నూ ఆ స్క్రూ మీదే.

తొంభైల మొదట్లో మాట ఇది. మాది సిరిగేరి దగ్గర క్యాంపు. కాలువ నీళ్ళు నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి వరి పెట్టుకున్నవాళ్ళ ఊళ్ళని అక్కడ క్యాంపులంటారు. నాన్నకి వరి చేను ప్రాణం. నేనేమో బురదలో కాలు పెట్టాలంటే చిరాకుపడే రకం. ముప్పై ఏళ్ళు నిండాక నా వాటా పొలం అమ్ముకుని పది టైర్ల టర్బో లారీ కొన్నాను. టర్బో అంటే ఇంజను వదిలే పొగ ఊపుకి ఒక చక్రం తిరుగుతుంది, దానితో పాటు తిరిగే ఇంకో చక్రం బయటి గాలిని ఇంజనులోకి బలవంతంగా తోస్తుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ డీజిలు కాలుతుంది, బండి ఎక్కువ లాగుతుంది. నాకు తెలిసింది అంతే, కానీ ఇక తెలుసుకోవలసింది ఏమీ లేదన్నట్టు తిరిగేవాణ్ణి.

చోరనూరు వైపు గనుల్లో ఖనిజం నింపుకుని సండూరు రావాలంటే ఘాట్ ఎక్కాలి. ఆ ఘాట్‌ని ఎవడు ఏ గేరులో ఎక్కాడన్నదాన్ని బట్టే మా అడ్డాలో మర్యాద. మూడో గేరులో ఎక్కినవాడు రాజు. రెండోది వేసినవాడు పరవాలేదు. ఫస్టు గేరు వేసినవాడు ఘాట్ పైన టీ కొట్టు దగ్గర ఆగకుండా పోవడం మంచిది. గొట్టంలోంచి పొగ ఎంత నల్లగా వస్తే బండికి అంత సత్తువ ఉన్నట్టని అందరి నమ్మకం. నేనూ రాజునవుదామనే పంపు రూముకి వెళ్ళి, స్క్రూ అర చుట్టు తిప్పమని అడిగాను.

"తిప్పుతానప్పా. ముందు రెండు మీటర్లు పెట్టాల," అన్నాడు మేస్త్రి, నా మొహంలోకే చూస్తూ.

"మీటర్లెందుకు మేస్త్రిగారూ? బండి సంగతి నా కాలికి తెలిసిపోతుంది."

"నీ కాలికి తెలిసేలోపల పిస్టన్ కరిగిపోయి ఉంటాది. ఆమేల తెలిసి ఏం ఫాయిదా? మీటర్లు లేకుండా నేను స్క్రూ ముట్టను. బేకంటే వేరే యాడన్నా చేయించుకో."

ఆయన చెయ్యి పడ్డ పంపు ఎలా ఉంటుందో జిల్లా అంతా తెలుసు కాబట్టి సరేనన్నాను. వేడి చూపే మీటరు ఏదో ఫౌండ్రీ వదిలేసిన పాత సామానులో వెతికి తెచ్చాడు. దానికి పెన్సిలంత లావు కడ్డీ ఒకటి ఉంటుంది. పొగ ఇంజనులోంచి బయటికొచ్చి టర్బోలోకి పోయేచోట రంధ్రం చేసి, ఆ కడ్డీ లోపలికి దించాడు. గాలి ఎంత తోస్తోందో చూపే చిన్న మీటరు రైసు మిల్లు సామాను అమ్మే దుకాణంలోది. టర్బో నుంచి ఇంజనుకి పోయే గొట్టానికి సన్నని రాగి పైపు కలిపి దానికి తగిలించాడు. రెండింటినీ స్టీరింగుకి ఎదురుగా పక్కపక్కన చెక్క మీద బిగించి, అగ్గిపుల్లతో ఎర్ర పెయింటు తీసి వేడి మీటరు అద్దం మీద ఆరువందల యాభై డిగ్రీల దగ్గర ఒక గీత గీశాడు. "ఈ గీత దాటిందంటే లోపల పిస్టన్ అల్యూమినియం మెత్తబడతాండాదని లెక్క," అన్నాడు. అప్పుడు స్క్రూ తిప్పాడు. అర చుట్టు అడిగితే పావే తిప్పాడు.

మొదటిసారి ఘాట్ ఎక్కేటప్పుడు చిత్రాన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా పక్కన, నా వైపు తిరిగి కూర్చున్నాడు. నిండు లోడు. దారి పొడుగునా ఒకటే ప్రశ్న. గాలి ఎంత, వేడి ఎంత, రెండూ జతగా పోతాండాయా. గాలి ఒత్తిడి ముప్పావు కేజీ, వేడి ఐదువందలు, జతగానే ఉన్నాయి అన్నాను. "అయితే తొక్కు," అన్నాడు. మూడో మలుపు దగ్గర, రెండో గేరులో ఉండగానే బండి బరువెక్కింది, ఇంజను తిరుగుడు మందగించింది. ఏ డ్రైవరైనా చేసే పనే నేనూ చేశాను, ఆక్సిలరేటరు ఇంకా కిందికి నొక్కాను. ఆయన నా మోకాలి మీద చెళ్ళున కొట్టాడు.

"గాలి దిగుతాండాది, వేడి ఎక్కుతాండాది, కానరాలేదా? ఊపిరాడనోని నోట్లో ఇంకా అన్నం కుక్కినట్ల డీజిలు పోస్తాండావే!"

"మరేం చెయ్యమంటారు?"

"గేరు దించు."

"ఫస్టా? పైన టీ కొట్టు దగ్గర అందరూ చూస్తున్నారు మేస్త్రిగారూ!"

"చూడనీ. వాళ్ళు వచ్చి నీకి పిస్టన్ కొనిస్తారా?"

పళ్ళు కొరుకుతూ ఫస్టు వేశాను. ఇంజను ఒక్కసారి తేలికై గబగబా తిరిగింది, టర్బో ఈల మొదలైంది. గాలి సూది పైకి లేచింది. కాసేపటికి వేడి సూది నెమ్మదిగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. గట్టిగా తొక్కితే ఇంజను కాగుతుందని, చిన్న గేరులో వేగంగా తిరగనిస్తే గాలి చాలినంత అంది చల్లబడుతుందని, సిగ్గుతో చెవులు కాలిపోతుండగా కళ్ళారా చూశాను. పైకెక్కాక తాళం మీద చెయ్యి వేస్తే పట్టుకుని ఆపాడు. టర్బో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఇంజను ఆపితే దానికి నూనె అందదు, ఉన్న నూనె ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. వేడి సూది రెండువందలకి దిగాకే ఆపాలి. అంతవరకు డబ్బా విప్పి ఆ చిత్రాన్నం ఇద్దరం తిన్నాం.

ఆయన ఎందుకు అన్నిసార్లు నా మొహంలోకి చూస్తాడో నాకు నెల తరువాత తెలిసింది. షెడ్డులో మిషను మీద పని చేస్తుంటే వెనక నుంచి వెళ్ళాను. ఒక పైపు ఊడి డీజిలు చిమ్ముతోంది. "మేస్త్రిగారూ, పైపు!" అని అరిచాను. తిరగలేదు. మళ్ళీ అరిచాను. అడ్డా అంతా వినబడేంత గట్టిగానే అరిచాను, ఆయన మాత్రం తలెత్తలేదు. ఎదురుగా వెళ్ళి చేత్తో చూపిస్తే ఉలిక్కిపడి మిషను ఆపాడు. నా మొహం చూడగానే నాకు అర్థమైపోయిందని ఆయనకీ తెలిసింది.

"ముప్పై ఏండ్లు ఇంజన్ల నడుమనే ఉంటి గదప్పా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ముందు కుడిది పోయె. ఆమేల ఎడమది. మా ఈరమ్మకి తెలుసు, ఇప్పుడు నీకి తెలిసె. ఇంకెవురికీ తెలీదు."

అడ్డా గేటు దగ్గర బండి మోత విని, ఏ సిలిండరు సరిగా కాలడం లేదో షెడ్డులో కూర్చునే చెప్పగల మేస్త్రి అని ఆయనకి పేరు. ఆ పేరు పోకుండా ఎదుటివాళ్ళ పెదవులు చూస్తూ, తెలుగు, కన్నడం, సాయిబుల మాట మూడూ చదువుకుంటూ బతుకుతున్నాడు. మీటర్ల మీద ఆ పట్టుదల ఎక్కడ నుంచి వచ్చిందో అప్పుడు గ్రహించాను. చెవి పోయిన మనిషి కంటితో ఇంజనుని వినడం నేర్చుకున్నాడు. దట్టమైన మీసాలున్నవాళ్ళ మాట మాత్రం ఆయనకి చిక్కేది కాదు. మా అడ్డా పెద్ద గాదిలింగప్ప మీసం రెండు పెదవుల్నీ కప్పేసేది. ఆయన వస్తే మేస్త్రి ఏదో డబ్బా వెతుకుతున్నట్టు లోపలికి పోయేవాడు. గాదిలింగప్ప దాన్ని పొగరనుకుని లోలోపల మండిపడేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని మేస్త్రి చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను.

ఏడాదిపాటు నా బండికి ఎదురులేదు. తేలికైన చోట మూడో గేరు, బరువైన చోట కిందిది, సూదులు చూసుకుంటూ పొగ లేకుండా ఎక్కేవాణ్ణి. అందరికంటే ఒక ట్రిప్పు ఎక్కువ కొట్టేవాణ్ణి. క్రమంగా ఇదంతా నా చేతి మహిమేనని నాకు అనిపించసాగింది. టీ కొట్టు దగ్గర నా గొప్పలు వినలేక జనం గ్లాసులు పట్టుకుని దూరంగా జరిగేవాళ్ళు. అప్పుడు దసరా వచ్చింది.

ఆయుధ పూజకి లారీని ఎలా అలంకరిస్తామో చూసినవాళ్ళకి తెలుసు. కడిగి, బంతిపూల దండలు వేసి, అరటి పిలకలు కట్టి, స్టీరింగుకి, గేరు రాడ్డుకి, చక్రాలకి గంధం కుంకుమ పెట్టాను. ఇంత అన్నం పెడుతున్న ఆ రెండు మీటర్లకి ఇంకాస్త ఎక్కువ భక్తి చూపించాను. అద్దాల మీద చిక్కగా గంధం పూసి, నడిమధ్య రూపాయి బిళ్ళంత కుంకుమ అద్దాను. గంధం ఎండి సున్నంలా గట్టిపడింది. గాలి మీటరు సగం మూసుకుపోయింది, వేడి మీటరులో మూడువందలు దాటాక ఏమీ కనబడదు. మేస్త్రి గీసిన ఎర్ర గీత బొట్టు కిందికి పోయింది. పెట్టిన బొట్టుని చేతులారా తుడవడం మాలో ఎంత అశుభమో నేను వేరే చెప్పక్కర్లేదు. అదంతట అది రాలిపోవాలి.

మూడో రోజు లోడుతో ఘాట్ ఎక్కుతుంటే ముందున్న లారీ నల్లపొగ కక్కుతూ మూడో గేరులో పోతోంది. నేనూ మూడులోనే ఉంచాను. బండి బరువెక్కింది. కళ్ళు అలవాటుగా మీటరు మీదికి పోయాయి. బొట్టు తప్ప ఏమీ లేదు. నిజం చెప్పాలంటే సూది కనబడకపోవడం ఆ క్షణంలో హాయిగా ఉంది. కనబడితే గేరు దించాలి కదా. కాలు పూర్తిగా నొక్కిపెట్టి ఇంకో రెండు మలుపులు లాగించాను. ఆఖరి మలుపులో ఇంజను లోపల టపటపమని ఏదో కొట్టుకుంది, కేబిను నిండా నీలి పొగ కమ్ముకుంది, బండి నిలబడిపోయింది.

ఇంకో లారీకి తాడు కట్టి సాయంత్రానికి అడ్డాకి లాక్కొచ్చారు. జనం మూగారు. ఏడాదిగా నా గొప్పలు భరించినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. మేస్త్రి పరుగున వచ్చి, నాకు వీపు పెట్టి బానెట్టులోకి వంగాడు. గాదిలింగప్ప మీసం దువ్వుకుంటూ అడిగాడు, "ఏమాయెనప్పా క్యాంపు రాజా? మూడో గేరు ముదిరి పాకాన పడెనా?" అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను.

"ఏమవుతుంది? చెవిటివాడి చేతికి పంపు ఇచ్చాను కదా, అదీ నా ఖర్మ!" అని అరిచాను. "ఈయనకి రెండు చెవులూ వినబడవు, మీకెవరికైనా తెలుసా? ఇంజను మోత వినబడనివాడు దాని కొలతేం సరిచేస్తాడు?"

నవ్వులు ఆగిపోయాయి. అందరూ ఆయన వీపు వైపే చూస్తున్నారు. ఆయన మాత్రం వంగి ఏదో నట్టు పట్టి చూస్తూనే ఉన్నాడు. నా మాట నిజమనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. కాసేపటికి నడుం ఎత్తి ఇటు తిరిగాడు. గాదిలింగప్ప మొహం చూశాడు, పక్కవాళ్ళ మొహాలు చూశాడు, చివరికి నా మొహం చూశాడు. నేను తలదించుకున్నాను. "రేపు హెడ్ ఇప్పుతా," అని ఒక్క మాట అని షెడ్డుకి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే వచ్చి ఇంజను పైమూత, అదే హెడ్, విప్పాడు. మూడో పిస్టన్ తల కరిగి గుంట పడి ఉంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టి, వేడి ఎంతకి పోయిందని అడిగాడు. చూడలేదన్నాను. తిన్నగా కేబినులోకి ఎక్కాడు, వెనకే నేనూ ఎక్కాను. ఎండిన గంధం, మధ్యలో కుంకుమ. ముందు చేతులు జోడించి దణ్ణం పెట్టాడు.

"పూజ మంచిదే అప్పా," అన్నాడు. "దేవుని మొగం మీద గుడ్డ కప్పి ఎవురన్నా పూజ చేస్తారా?"

తుడవమన్నాడు. తడిగుడ్డతో తుడిచాను. గంధం ముక్కలుగా రాలి, కింద నుంచి ఆయన గీత బయటపడింది. తప్పు ఎవరిదో ఇక ఇద్దరికీ తెలుసు. ఆయన బయటికి వెళ్ళి ఒక్క మాట చెబితే అడ్డా ముందు నేను నవ్వులపాలయ్యేవాణ్ణి. చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు చాలు అనుకున్న నీచుణ్ణి నేను.

బండి తిరిగి నిలబెట్టడానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజుల్లో పంపు రూముకి ఒక్క పంపు రాలేదు. లారీలవాళ్ళు వేరే ఊళ్ళకి మోసుకుపోతున్నారు. ఆయన భార్య ఈరమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తెచ్చేది. మౌనంగా ఉండే మనిషి. ఒకరోజు నన్ను షెడ్డు బయట ఆపి అడిగింది.

"ఆయప్ప దినామూ మిషను తుడిచిపెట్టుకొని ఊరికే సుమ్నె కూసుంటాండాడు. నీ గాడి బిగిచ్చినాక మిషను అమ్మేస్తానంటాడు. ఏమాయెనో నాకి చెప్పడు. నీకేమన్నా తెలుసునా అప్పా?"

తెలియదన్నాను. పొలం అమ్ముకున్ననాడు కూడా అంత సిగ్గు పడలేదు. నా నోటి నుంచి వచ్చిన రెండు మాటలతో ఆయన ముప్పై ఏళ్ళ పని ఆగిపోయింది. అది ఆగకూడదంటే మళ్ళీ నేనే నోరు తెరవాలి, కానీ ఉత్త మాటని ఇప్పుడు ఎవరూ నమ్మరు. మరునాడు తిన్నగా గాదిలింగప్ప ఇంటికి పోయాను.

"మేస్త్రి పంపులో తప్పు లేదు. అదే పంపు, అదే పావు చుట్టు, మళ్ళీ బిగిస్తున్నాడు. నిండు లోడుతో ఘాట్ ఎక్కుతాను. మీరు నా పక్కన కూర్చుని సూదులు చూడండి. ఇంజను కాలిపోతే ఇక నేను అడ్డాలోకి రాను."

"చెవుడోని పంపు నమ్మి మళ్ళా ఎక్కుతావా? తలకాయ కెట్టిందా నీకి?" అన్నాడు. కానీ నేను అడ్డాలోకి రాననడం ఆయనకి నచ్చినట్టుంది. ఒప్పుకుని, అందరినీ పైన టీ కొట్టు దగ్గరికి రమ్మని కబురు పెట్టాడు. మేస్త్రి రానన్నాడు. ఈరమ్మ బలవంతం మీద ఎవరిదో మోటారు సైకిలు వెనక ఎక్కి వచ్చాడు.

పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాం. ఏ సూది దేనికో గాదిలింగప్పకి కిందే చెప్పాను. మొదటి మలుపు దాకా చుట్ట కాలుస్తూ, "గాలి ముప్పావు, వేడి నాలుగువందల యాభై" అని ఎగతాళిగా గొణిగాడు. రెండో మలుపుకి చుట్ట బయట పారేశాడు. మూడో మలుపులో, రెండో గేరులో ఉన్న బండి బరువెక్కగానే గాలి సూది వాలింది, వేడి సూది ఆరువందలు దాటింది. పైన టీ కొట్టు, దాని ముందు బారుగా నిలబడ్డ జనం కనబడుతున్నారు. గాదిలింగప్ప ముందుకు వంగి మీటరుని ముక్కుతో పొడిచేంత దగ్గరికి పోయాడు.

"ఎక్కుతాండాది... ఆరువందల ఇరవై... ముప్పై... ఏయ్, ఏం చూస్తాండావప్పా? గీత దగ్గరకొచ్చె! గేరు దించు!"

"ఫస్టా? అందరూ చూస్తున్నారు," అన్నాను కావాలనే.

"చూస్తే చావనీ! దించప్పా మొదలు!"

జీవితమంతా ఫస్టు గేరువాళ్ళని వెక్కిరించిన మనిషి నా భుజం పట్టి ఊపేస్తూ ఫస్టు వెయ్యమని అరుస్తున్నాడు. వేశాను. ఇంజను తేలికైంది, టర్బో ఈల కొండంతా వినబడింది. గాలి సూది లేచి ముప్పావు మీద కుదురుకుంది. వేడి సూది కాసేపు కదల్లేదు. తరువాత కొంచెం వెనక్కి జరిగింది. "దిగుతాండాది! ఆరువందలు... అయిదున్నర... ఆయ్తు, ఆయ్తు, దిగిపోయె!" అంటూ గాదిలింగప్ప తొడ మీద చరుచుకున్నాడు, నా తొడ మీద కూడా. నింపాదిగా, ఎక్కడా ఆగకుండా, గొట్టంలో పొగ జాడ లేకుండా, ఇరవై రోజుల క్రితం బండి చచ్చిపడిన మలుపు దాటి పైకెక్కాం.

జనం చుట్టూ మూగి బానెట్టు ఎత్తబోయారు. ఇంజను ఇంకా తిరుగుతోంది. గాదిలింగప్ప కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆగండ్రప్పా! సూది దిగనీ!" అని కసిరాడు. ముప్పైమంది డ్రైవర్లు, ఎవరికీ అర్థం కాకపోయినా, సూది దిగేదాకా నిలబడ్డారు. రెండువందలకి వచ్చాక తాళం తిప్పాను.

మేస్త్రి టీ కొట్టు గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. ఎండ నా మొహం మీద పడేట్టు ఆయనకి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. పెదవులు బాగా కదిలిస్తూ, ఆయనకీ అందరికీ తెలిసేట్టు చెప్పాను. "ఆ రోజు మీ వెనక నిలబడి, చెవిటివాడికి పంపు ఇచ్చానని అరిచాను. మీకిచ్చిన మాట తప్పాను. మీటరు అద్దం మీద బొట్టు పెట్టి, సూది చూడకుండా తొక్కి పిస్టన్ కాల్చింది నేను. మీ పంపులో ఏ తప్పూ లేదు." నా గొంతు ఆయనకి వినబడదు కానీ కన్నీళ్ళు కనబడ్డాయి.

నా నోరు ఆగేదాకా చూసి, అప్పుడు మాట్లాడాడు. "ఆ పొద్దు నీ మాట వినపడలేదప్పా. ఎదురుగా ఉండేటోళ్ళ మొగాలు కనపడె. ఎవురో ఏదో అన్నారని తెలిసె. నువ్వు తల వంచుకుంటివి, నువ్వే అని తెలిసె. ఏమంటివో మాత్రం ఇన్ని దినాలూ తెలీదు. ఇప్పుడు నీ నోటితో తెలిసె." ఆ వెంటనే ఎప్పటిలాగే అడిగాడు, "వేడి ఎంతకి పోయె?"

"ఆరువందల ముప్పై."

"గాలి?"

"గేరు దించాక ముప్పావు మీదే నిలబడింది."

"అయితే మిషను అమ్మేది లేదు," అని నవ్వాడు. ఆ నవ్వుకి అడ్డా అంతా ఒక్కసారి గోల చేసింది. నేను గెలిచిన రోజులు జీవితంలో ఇంకా కొన్ని ఉన్నాయి. ఇంత పెద్దది మాత్రం లేదు.

నాలుగు రోజుల తరువాత గాదిలింగప్ప తన లారీ పంపు భుజాన వేసుకుని షెడ్డుకి వచ్చాడు. మొదట ఎవరో అనుకున్నాం. ఇరవై ఏళ్ళ మీసాన్ని పెదవుల మీద నుంచి కత్తిరించుకుని వచ్చాడు. మేస్త్రికి ఎదురుగా నిలబడి, "ఇప్పుడు తెలుస్తాండాదా నా మాట?" అని అడిగాడు. ఆ వెనకే మిగతావాళ్ళూ వచ్చారు. షెడ్డు బయట పంపులు వరస కట్టాయి. స్క్రూ తిప్పమన్న ప్రతివాడికీ ముందు రెండు మీటర్లు. ఏడాది తిరిగేసరికి టీ కొట్టు దగ్గర ఏ గేరులో ఎక్కావని అడగడం పోయి, ఎంత వేడిలో ఎక్కావని అడగడం వచ్చింది. దసరాకి మాత్రం గంధం కుంకుమ మీటరు చుట్టూ ఉన్న చెక్కకి పెట్టేవాళ్ళం, అద్దానికి కాదు. మేస్త్రి ఇంకో పదేళ్ళు ఆ షెడ్డులోనే పని చేశాడు. చివరి దాకా ఆయన చెవుడు జిల్లా అంతటికీ తెలుసు, దానివల్ల ఒక్క పంపు కూడా తగ్గలేదు.

ఇప్పుడు నాకు నాలుగు లారీలున్నాయి. నా డ్రైవర్లలో ఒకడి మీద ఇంకొకడు చాడీ చెప్పడానికి వస్తే, వాణ్ణి కూడా పిలిచి ఎదురుగా నిలబెట్టి అప్పుడు చెప్పమంటాను. సగం చాడీలు అక్కడే ఆగిపోతాయి. నా నోటి దురుసు పూర్తిగా పోయిందని చెప్పను, కోపం వస్తే ఇప్పటికీ మాట ముందు తూలుతుంది. కానీ మనిషి వెనక మాత్రం అనను. ఇంట్లోనూ అదే అలవాటైపోయింది. వంటింట్లో ఉన్న మా ఆవిడతో ఏదైనా చెప్పాలంటే హాల్లోంచి లేచి, ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడి, పెదవులు కదిలిస్తూ నిదానంగా చెబుతాను. "నా చెవులు బాగానే ఉన్నాయండీ, అక్కణ్ణుంచే చెప్పొచ్చుగా," అని ఆమె నవ్వుతుంది. చెప్పొచ్చు. కానీ లేచి వెళ్ళే చెబుతాను.